బాణం గుర్తుకు పద్ధెనిమిదేళ్ళు: జావా భాషలోకి లాంబ్డా వచ్చిన కథ

2014 మార్చి 18న ఒరాకిల్ సంస్థ జావా భాష 8వ రూపాంతరాన్ని విడుదల చేసింది. అందులో చేరిన అనేకాంశాలలో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు గురైనది చూడడానికి చాలా చిన్నది. ఒక అడ్డగీత, దాని పక్కనే ‘కన్నా పెద్దది’ అని చెప్పే గణితచిహ్నం. రెండూ కలిస్తే ఒక బాణం. బాణానికి ఎడమవైపు కొన్ని పేర్లు, కుడివైపు వాటితో చేయవలసిన పని. దీనిని లాంబ్డా అంటారు. అంతకుముందు ఐదారు పంక్తులలో రాయవలసి వచ్చినది ఈ బాణంతో ఒక్క పంక్తిలో ముగుస్తుంది. 1996 జనవరిలో తొలి జావా వెలువడిన నాటి నుంచి ఈ పాటి సౌకర్యానికి పద్ధెనిమిదేళ్ళు పట్టింది. ఈలోగా ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది, మూడు పరస్పర విరుద్ధ ప్రతిపాదనలు తలపడ్డాయి, జావాను కన్న కంపెనీయే కనుమరుగైంది.

ఆలస్యానికి కారణం ఆ ఊహ కొత్తది కావడం కాదు. లాంబ్డా జావా కన్నా అరవై ఏళ్ళు పెద్దది. 1930లలో అలోంజో చర్చ్ అనే అమెరికన్ తార్కికుడు గణితంలో ‘ప్రమేయం’ అంటే ఏమిటో కచ్చితంగా నిర్వచించడానికి ఒక సంకేత పద్ధతిని కల్పించి, దానికి గ్రీకు అక్షరం లాంబ్డాను గుర్తుగా వాడాడు. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాష ఆ గుర్తును కంప్యూటర్లలోకి తెచ్చింది. 1975లో ఎం.ఐ.టి.లో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ కలిసి తయారుచేసిన స్కీమ్ భాష దానికి మరింత శుద్ధమైన రూపం ఇచ్చింది. వీటన్నిటి సారం ఒకటే. ఒక అంకెనో, ఒక పేరునో చేతి నుంచి చేతికి అందించినట్టే ఒక ‘పని’ని కూడా అందించవచ్చు. పేర్ల జాబితాను వరుసలో పెట్టమని ఒకరికి అప్పగించేటప్పుడు, ఏది ముందో ఏది వెనకో తేల్చే పద్ధతిని కూడా వెంట పంపవచ్చు.

ఆ గై స్టీల్ 1994లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేరి, జేమ్స్ గాస్లింగ్, బిల్ జాయ్‌లతో కలిసి 1996లో జావా భాషా నిర్వచన గ్రంథాన్ని రాశాడు. అంటే లాంబ్డా గురించి ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవారిలో ఒకడు జావా పురుటింట్లోనే ఉన్నాడు. అయినా అది జావాలోకి రాలేదు.

దీనికి జావా పుట్టుక కొంత కారణం. 1991లో సన్ సంస్థలో ‘గ్రీన్’ అనే చిన్న బృందం గృహోపకరణాల కోసం ఒక భాషను తలపెట్టింది. గాస్లింగ్ కిటికీ బయటి చెట్టును చూసి దానికి ‘ఓక్’ అని పేరు పెట్టాడు. ఆ పేరు అప్పటికే మరొకరి వాణిజ్యచిహ్నమని తెలిసి తరువాత మార్చుకోవలసి వచ్చింది. గృహోపకరణాల వ్యాపారం సాగలేదు. ఇంతలో అంతర్జాలం వచ్చింది. 1995 మే 23న ‘జావా’ లోకానికి పరిచయమయింది. గాస్లింగ్ దృష్టిలో ఇది పండితుల భాష కాదు, పనివాళ్ళ భాష. సీ ప్లస్ ప్లస్‌తో విసిగిన ప్రోగ్రామరుకు తెలిసిన కుండలీకరణాలూ తెలిసిన వాక్యనిర్మాణమూ ఇచ్చి, అపాయకరమైన పాయింటర్లను తీసివేసి, జ్ఞాపకస్థలాన్ని శుభ్రంచేసే బాధ్యతను యంత్రానికి అప్పగించారు. సీ ప్లస్ ప్లస్ జనాన్ని లిస్ప్ వైపు సగందూరం లాక్కొచ్చామని స్టీల్ కొన్నేళ్ళ తరువాత చమత్కరించాడు. లాంబ్డా ఆ మిగిలిన సగంలో ఉండిపోయింది. దానిని వదిలివేయడానికి సిద్ధాంతం కన్నా వ్యవధి లేకపోవడమే ముఖ్యకారణమని గాస్లింగ్ కూడా తరువాత ఒప్పుకున్నాడు.

లోటు వెంటనే తెలిసింది. తెర మీద ఒక బొత్తాము నొక్కితే ఏం జరగాలో చెప్పాలంటే ‘పని’ని అందించవలసిందే. 1997 ఫిబ్రవరిలో వచ్చిన జావా 1.1 దీనికి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. క్లాస్ లోపల క్లాస్. కొన్నిచోట్ల పేరు కూడా లేని క్లాస్. జావాలో ప్రతి పనీ ఏదో ఒక క్లాసు గొడుగు కిందే ఉండాలి కనుక, చిన్న పనికి కూడా ఒక క్లాసును కట్టి, దాని నుంచి ఒక వస్తువును పుట్టించి, ఆ వస్తువును అందించాలి. చిటికెడు ఉప్పు అడిగితే గుండిగతో సహా వంటిల్లు మోసుకొచ్చినట్టు! రెండు పేర్లను పోల్చే ఒక్క పంక్తి పనికి చుట్టూ నాలుగైదు పంక్తుల ఆవరణ. అసలు విషయం ఆ ఆవరణలో మునిగిపోయేది. ఆ కాలంలో జావా నేర్చుకున్నవారి వేళ్ళకు ఆ నాలుగైదు పంక్తులూ ఇప్పటికీ కంఠతా వచ్చినట్టే ఉంటాయి.

ఇదే చోట మైక్రోసాఫ్ట్‌తో తగవు ముదిరింది. 1996లో సన్ నుంచి జావా లైసెన్సు పొందిన మైక్రోసాఫ్ట్, తన విజువల్ జె ప్లస్ ప్లస్ ద్వారా జావాకు ‘డెలిగేట్’ అనే కొత్త అంశాన్ని జోడించింది. ఒక మెథడ్‌ను నేరుగా పట్టుకుని మరొకరికి అందించే పిడి లాంటిది అది. దాని వెనుక ఉన్నవాడు ఆండర్స్ హేల్స్‌బెర్గ్, టర్బో పాస్కల్‌ సృష్టికర్త. సన్ భగ్గుమంది. డెలిగేట్లు అనవసరమనీ, భాష సరళతకు హానికరమనీ, లోపలి క్లాసులే మెరుగనీ వాదిస్తూ ఒక శ్వేతపత్రం ప్రకటించింది. జావా లైసెన్సు ఉల్లంఘన మీద 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌పై వ్యాజ్యం వేసింది. 2001 జనవరిలో అది రాజీతో ముగిసింది. అప్పటికే హేల్స్‌బెర్గ్ బృందం సీ షార్ప్ అనే సొంత భాషను ప్రకటించింది. అందులో డెలిగేట్లు మొదటినుంచీ ఉన్నాయి. 2007లో లాంబ్డా కూడా చేరింది. సన్ శ్వేతపత్రం హానికరమన్న ఊహకు దగ్గరి చుట్టమే మెథడ్ రిఫరెన్స్ పేరుతో జావా 8లో లాంబ్డా పక్కన కూర్చుంది. సన్ వాదన పూర్తిగా తప్పని దీని అర్థం కాదు. ఒక్కో కంపెనీ తనకు తోచిన మాటను భాషలో కలుపుకుంటూ పోతే ‘ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుంది’ అన్న జావా మాటకు విలువ మిగలదు. అయితే ఒప్పందం గురించిన న్యాయమైన అభ్యంతరం, ఊహ గురించిన అన్యాయమైన తీర్పుతో కలగలిసిపోయింది.

అసలు ఒక భాషకు కొత్త మాటను కలపడం ఎందుకింత కష్టం? తెలుగు రాతలో అరసున్నలు పోయాయి, బండి ర పోయింది. పాత గ్రంథాలకు దానివల్ల నష్టమేమీ కలగలేదు. చదివేవాడు సర్దుకుంటాడు, సర్దుకోలేనిచోట మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాత సాయపడతాడు. కంప్యూటరుకు మల్లినాథుడు లేడు. పదేళ్ళ కింద రాసిన ప్రోగ్రామును అది ఈనాటి వ్యాకరణంతో, ఉన్నది ఉన్నట్టు చదువుతుంది. వ్యాకరణం ఒక్క అక్షరం మారినా ఆగిపోతుంది. ఆ ప్రోగ్రాము బ్యాంకులో వడ్డీ లెక్క కడుతూ ఉండవచ్చు, ఆసుపత్రిలో రోగి రక్తపరీక్షల ఫలితాలను వార్డుకు చేరవేస్తూ ఉండవచ్చు. దానిని రాసినవాడు ఉద్యోగం మారి ఎన్నేళ్ళయిందో!

రెండు ఉదంతాలు చాలు. 2002లో జావా 1.4 ‘అసర్ట్’ అనే మాటను కీవర్డుగా తీసుకుంది. ప్రోగ్రాములను పరీక్షించడానికి లోకమంతా వాడుతున్న జేయూనిట్ అనే సాధనంలో సరిగ్గా ఆ పేరుతోనే ఒక మెథడ్ ఉంది. దాని పేరు మార్చక తప్పలేదు. 2004లో జావా 5 ‘ఈనమ్’ అనే మాటను తీసుకుంది. జావా తొలిరోజుల నుంచీ ‘ఎన్యూమరేషన్’ రకపు వస్తువుకు ప్రోగ్రామర్లు ముద్దుగా పెట్టుకునే పొట్టి పేరు అదే. పాత ప్రోగ్రాములను కొత్త వ్యాకరణంతో మళ్ళీ కంపైల్ చేసిన ప్రతివారూ ఆ పేరును వెతికి వెతికి మార్చుకోవలసి వచ్చింది. ఒక్క మాటకే ఇంత గొడవ.

పాత మాట నిలుపుకోవడానికి చెల్లించిన మూల్యం తెలుగు లిపితోనూ ముడిపడి ఉంది. తొలి జావా యూనికోడ్‌ను నమ్మి, ప్రతి వర్ణానికీ 16 బిట్లు కేటాయించింది. ఎనిమిది బిట్ల ఇంగ్లీషు ప్రపంచంలో అది ఉదారమైన నిర్ణయం. తెలుగు అక్షరాలతో ప్రోగ్రాములోని చరరాశులకు పేర్లు పెట్టుకునే వీలు కూడా మొదటిరోజు నుంచే ఉంది. కానీ జావా విడుదలైన ఆరు నెలలకే యూనికోడ్ 2.0 వచ్చి 16 బిట్ల హద్దు దాటింది. జావాలోని ‘చార్’ ఆ పాత కొలతలోనే శాశ్వతంగా ఆగిపోయింది. 2004లో పై వర్ణాలకు వేరే దారి ఏర్పరచారే తప్ప పాతదాన్ని మార్చలేదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం పొడవెంతని అడిగితే జావా నేటికీ ఆరు అంటుంది. మూడు హల్లులు, రెండు పొల్లు గుర్తులు, ఒక గుడిదీర్ఘం. యంత్రం లెక్క అది. పలకపట్టిన పిల్లవాడి లెక్క వేరు.

ఈ సంకటాన్ని అందరికన్నా సూటిగా చెప్పినవాడు మళ్ళీ గై స్టీలే. 1998 అక్టోబరులో వాంకూవర్‌లో జరిగిన ఓప్స్లా సదస్సులో అతడు భాషను పెంచడం గురించి ఒక ప్రసంగం చేశాడు. అందులో అతడు పెట్టుకున్న నియమం మన నిరోష్ఠ్య కావ్యాలు రాసిన కవులను గుర్తు చేస్తుంది. ఒకే సిలబుల్ ఉన్న ఇంగ్లీషు మాటలను మాత్రమే స్వేచ్ఛగా వాడాలి. అంతకన్నా పెద్ద మాట కావాలంటే ముందు దానిని చిన్న మాటలతో నిర్వచించి, ఆ తరువాతే వాడుకోవాలి. వినేవారికి కాసేపు వింతగా ఉంటుంది, తరువాత ఆయాసం తెలుస్తుంది, ఆ పైన విషయం అర్థమవుతుంది. చిన్న భాషతో పెద్ద పని చేయడం ఎంత కష్టమో వాదించకుండానే చూపించాడు. మరీ చిన్న భాష పనికి చాలదు, మరీ పెద్ద భాషను ఎవరూ మొదలుపెట్టరు. కాబట్టి పెరగడానికి వీలుగా ఉండే భాషను కట్టాలి, ఆ పెరుగుదలలో వాడుకరులకూ పాలు ఉండాలి అన్నది అతని వాదం.

జావా ఎలా పెరగగలదో తేల్చిన తొలి పెద్ద పరీక్ష జెనరిక్స్. 1998 చివర వచ్చిన జావా 1.2లో జోషువా బ్లాక్ రూపొందించిన కలెక్షన్లు ఉన్నాయి. జాబితాలూ పట్టికలూ దాచుకునే డబ్బాలు ఇవి. చిక్కల్లా, ఆ డబ్బాల మీద చీటీ లేదు. అందులో ఏమైనా వేయవచ్చు. తీసేటప్పుడు ‘ఇది పేరు’ అనో ‘ఇది అంకె’ అనో ప్రోగ్రామరే సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం తప్పయితే ఆ సంగతి ప్రోగ్రాము నడుస్తుండగా, అది కుప్పకూలినప్పుడు బయటపడుతుంది. చీటీ లేని మందుసీసాలను అలమరలో పెట్టుకున్న వార్డులో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

చీటీ అంటించే పద్ధతిని విశ్వవిద్యాలయాలు ముందే సిద్ధం చేశాయి. మార్టిన్ ఓడెర్‌స్కీ, ఫిలిప్ వాడ్లర్ 1997లో ‘పీట్సా’ అనే భాషను ప్రతిపాదించారు. అందులో జెనరిక్సూ ఉన్నాయి, మొదటితరగతి ప్రమేయాలూ ఉన్నాయి. మరుసటేడు గిలాడ్ బ్రాఖా, డేవిడ్ స్టౌటమైర్‌లతో కలిసి, జెనరిక్సును మాత్రం నిలుపుకుని ‘జీజే’ను తయారుచేశారు. అంటే జావాకు లాంబ్డా వడ్డించిన విస్తరి 1997లోనే ముందుకొచ్చి, సగం వెనక్కి వెళ్ళిపోయింది. ఓడెర్‌స్కీ రాసిన జీజే కంపైలరే తరువాత సన్ వారి అధికారిక కంపైలరుకు పునాది అయింది, జెనరిక్స్ భాగానికి తాళం వేసి! ఆ తాళం 2004 సెప్టెంబరులో జావా 5తో తెరిచారు.

ఆ పరిష్కారాన్ని ‘ఎరేజర్’ అంటారు, చెరిపివేత. కంపైలరు చీటీలన్నీ చదివి, పేర్ల డబ్బాలో అంకె పడకుండా కాపలా కాసి, పరీక్ష ముగిశాక చీటీలను పీకివేసి డబ్బాలను లోపలికి పంపుతుంది. లోపల నడిపే యంత్రానికి పేర్ల డబ్బాకూ అంకెల డబ్బాకూ తేడా తెలియదు. కాంపౌండరు ప్రతి సీసా చీటీనీ జాగ్రత్తగా సరిచూసి, వార్డుకు పంపేముందు చించివేయడం వంటిది. విమర్శకులు దీనిని నేటికీ నవ్వుతారు. ఆ నవ్వు పూర్తిగా న్యాయమైనది కాదు. చీటీలు లోపలిదాకా వెళితే, చీటీలు లేని పాత డబ్బాలతో కొత్త ప్రోగ్రాములు మాట్లాడలేవు. అప్పుడు లోకంలోని జావా లైబ్రరీలన్నీ ఒకే ముహూర్తానికి మారాలి. చెరిపివేత వల్ల లైబ్రరీ రాసినవారు ముందు మారినా, వాడేవారు ముందు మారినా, ఎవరూ మారకపోయినా బండి నడిచింది. సీ షార్ప్ 2005లో రెండో దారి పట్టింది. పాత డబ్బాలను అలాగే ఉంచి, పక్కనే చీటీలున్న కొత్త డబ్బాల వరుస పెట్టింది. అప్పటికి ఆ భాష వయసు ఐదేళ్ళలోపే, మోయవలసిన పాత బరువు తక్కువ. జావాకు ఆ వెసులుబాటు లేదు.

జెనరిక్స్‌తోపాటు ‘వైల్డ్‌కార్డులు’ కూడా వచ్చాయి. వాటిని అర్థం చేసుకోబోయి తల పట్టుకోని ప్రోగ్రామరు అరుదు. ఈ తలనొప్పి తరువాతి యుద్ధంలో ఆయుధమైంది.

ఇంతలో యంత్రాలే మారిపోయాయి. అంతవరకూ ప్రాసెసర్ల వేగం ఏటేటా పెరుగుతూ వచ్చింది. పాత ప్రోగ్రాము కొత్త కంప్యూటరులో తనంతట తానే వేగంగా నడిచేది. 2004 ప్రాంతంలో వేడి, విద్యుత్తు అడ్డువచ్చి ఆ వేగం 3-4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలిచిపోయింది. ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టడం మొదలయింది. ఉచిత భోజనం ముగిసిందని హెర్బ్ సటర్ 2005లో రాసిన వ్యాసం ఆ రోజుల్లో అందరి నోళ్ళలో నానింది. పనిని కోర్లన్నిటికీ పంచాలంటే, జాబితాను మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటిగా తిప్పే బాధ్యత ప్రోగ్రామరు చేతిలో ఉండకూడదు. ‘ఈ జాబితాలో ప్రతిదానికీ ఈ పని చెయ్యి’ అని లైబ్రరీకి అప్పగించాలి. ఎలా పంచుకోవాలో అది చూసుకుంటుంది. అప్పగించాలంటే ‘పని’ని అందించగలగాలి. లాంబ్డా సౌకర్యపు స్థాయి నుంచి అవసరపు స్థాయికి ఎక్కింది.

2006లో ప్రతిపాదనలు బయలుదేరాయి. బ్రాఖా, నీల్ గాఫ్టర్, గాస్లింగ్, పీటర్ ఆహే పేర్లలోని తొలి అక్షరాలతో పిలవబడిన బీజీజీఏ అన్నిటిలోకి విస్తృతమైనది. ప్రమేయాలకు సొంత రకాలు, కొత్త అదుపు వాక్యాలను వాడుకరులే కట్టుకునే వీలు అందులో ఉన్నాయి. బాబ్ లీ, డగ్ లీ, జోషువా బ్లాక్‌ల ప్రతిపాదన దీనికి పూర్తి విరుద్ధం: ఉన్న అనామక క్లాసులకే పొట్టి రాత ఇస్తే చాలు. స్టీఫెన్ కోల్‌బర్న్, స్టెఫాన్ షుల్జ్‌ల ప్రతిపాదన నడుమ నిలిచింది. ఇందులో ఒక విశేషం ఉంది. ఎదురెదురు శిబిరాల్లో నిలిచిన గాఫ్టర్, బ్లాక్ అంతకు ముందటి ఏడాదే కలిసి ‘జావా పజ్లర్స్’ అనే పుస్తకం రాశారు. జావా ఎక్కడెక్కడ ప్రోగ్రామరును తికమక పెడుతుందో చూపే పుస్తకం అది. అదే తికమకలను చూసి ఇద్దరూ రెండు వేర్వేరు నిర్ధారణలకు వచ్చారు. 2007 డిసెంబరులో ఆంట్‌వెర్ప్‌లో ఇచ్చిన ప్రసంగంలో బ్లాక్, వైల్డ్‌కార్డులతోనే జావా సంక్లిష్టత హద్దు దాటిందనీ, మరో అటువంటి దెబ్బను భాష తట్టుకోలేదనీ గట్టిగా వాదించాడు.

వాదన సాగుతుండగానే కాలం చేయిదాటింది. జావా 7లో ఇవేవీ ఉండవని 2008లో మార్క్ రైన్‌హోల్డ్ ప్రకటించాడు. ఉంటాయని 2009 నవంబరులో మళ్ళీ అతడే ప్రకటించాడు. 2010 జనవరిలో సన్‌ను ఒరాకిల్ కొనుగోలు చేయడం పూర్తయింది. ఏప్రిల్‌కల్లా గాస్లింగ్ వెళ్ళిపోయాడు. సెప్టెంబరులో రైన్‌హోల్డ్ ‘ప్లాన్ బి’ని ముందుకు తెచ్చాడు: సిద్ధమైనవాటితో 2011లో జావా 7, లాంబ్డాతో ఆ తరువాత జావా 8.

పని బ్రయన్ గెట్జ్ చేతికి వచ్చింది. ఏకకాలిక ప్రోగ్రామింగ్ మీద ప్రామాణిక గ్రంథం రాసినవాడు కనుక కోర్ల సమస్య అతనికి కరతలామలకం. అతని బృందం చేసిన రెండు నిర్ణయాలు ఈ కథకంతటికీ ఆయువుపట్టు.

మొదటిది, ప్రమేయాలకు కొత్త రకాలు సృష్టించకపోవడం. జావాలో ఒకే ఒక్క మెథడ్‌ను కోరే ఇంటర్ఫేసులు మొదటినుంచీ ఎన్నో ఉన్నాయి. నడపవలసిన పనికి ‘రన్నబుల్’, పోల్చవలసిన పద్ధతికి ‘కంపారేటర్’. ఎక్కడ అటువంటి ఇంటర్ఫేసు కావాలో అక్కడ లాంబ్డాను పెట్టవచ్చు అన్నారు. దీనితో లాంబ్డా అనే ఊహే లేని రోజుల్లో, 1998లో రాసి మూతవేసిన లైబ్రరీ కూడా 2014లో పుట్టిన బాణాన్ని మారుమాటాడకుండా స్వీకరించింది. అన్యకణజాలాన్ని దేహం తిరస్కరించడం సహజం. ఇక్కడ అతికించినది దేహానికి అన్యంగా కనిపించనే లేదు.

రెండవది మరింత సాహసం. జాబితాల మీద కొత్త పనులు చేయాలంటే ‘కలెక్షన్’ ఇంటర్ఫేసులో కొత్త మెథడ్‌లు చేర్చాలి. ఇంటర్ఫేసు అంటే మాట ఇచ్చిన పత్రం. దానిలోని ప్రతి మెథడ్‌నూ నెరవేరుస్తామని సంతకం చేసిన క్లాసులు ప్రపంచమంతటా లెక్కలేనన్ని ఉన్నాయి. పత్రంలో ఒక్క పంక్తి పెంచితే ఆ సంతకాలన్నీ చెల్లకుండా పోతాయి. అందుకే పదహారేళ్ళపాటు ఆ ఇంటర్ఫేసును ఎవరూ ముట్టుకోలేదు. గెట్జ్ బృందం ‘డిఫాల్ట్ మెథడ్’ అనే వెసులుబాటును కల్పించింది: ‘ఈ పనిని మీరు చేయగలిగితే చేయండి, చేయకపోతే మేమే ఇక్కడ చేసి ఉంచాం.’ ఇంటర్ఫేసులో పని చేసే కోడు ఉండకూడదన్న తొలినాటి నియమం దీనితో పోయింది. రెండు ఇంటర్ఫేసులు ఒకే పేరుతో రెండు పనులు అందిస్తే ఎవరిది చెల్లుతుందన్న పాత ప్రశ్న లేచింది. దానికి స్థూలంగా ఇలా తీర్పు చెప్పారు: క్లాసు మాటకే మొదటి విలువ, లేకపోతే మరింత నిర్దిష్టమైన ఇంటర్ఫేసుకు, అదీ తేలకపోతే కంపైలరు ఆగి ప్రోగ్రామరునే అడుగుతుంది. ఈ డిఫాల్ట్ మెథడ్ అన్నదే జావా 8లోని అసలు ఆవిష్కరణ అని చెప్పవలసి ఉంటుంది. లాంబ్డాకు పేరొచ్చింది, దానికి చోటు చేసినది ఇది.

చివరి క్షణంలో కూడా ఆటంకం వచ్చింది. బ్రౌజర్లలో నడిచే జావాలో భద్రతాలోపాలు వరుసగా బయటపడడంతో ఇంజనీర్లను ఆ పని మీదికి మళ్ళించారు. 2013లో రావలసిన జావా 8 మరుసటి ఏడాది మార్చికి జరిగింది.

ఈ చరిత్రలో తెలుగువారు పేర్లుగా కాక సమూహంగా ఉన్నారు. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి అమీర్‌పేట గోడల మీద ‘కోర్ జావా’, ‘అడ్వాన్స్‌డ్ జావా’ బోర్డులు వెలిసే కాలం వచ్చేసింది. మెకానికల్, సివిల్ చదివినవారు సైతం సన్ వారి ఎస్.సి.జె.పి. పరీక్ష రాసి, ఆ కాగితంతో విమానం ఎక్కారు. వారికి జావా ఒక వీసా, ఒక ఇంటి అప్పు, చెల్లెలి పెళ్ళి. భాషకు కొత్త అంశం చేరినప్పుడల్లా ఆ చదువు కొంత పాతబడుతుంది. సదస్సుల్లో సాగిన వాదోపవాదాలలో ‘సంక్లిష్టతకు హద్దు’ అన్న మాట సైద్ధాంతికంగా వినిపించింది. నలభై దాటిన ప్రోగ్రామరుకు ఇంటర్వ్యూ గదిలో, పాతికేళ్ళ యువకుడు స్ట్రీములతో ఇదే పని చేసి చూపమన్నప్పుడు, ఆ హద్దు ఎక్కడుందో తెలిసింది. అదే సమయంలో, వారు 2000 ప్రాంతంలో రాసిపెట్టిన కోడు తిరగరాయకుండా నడుస్తూనే ఉండడమూ ఆ మాట నిలుపుకోవడం వల్లనే.

జావా 8 తరువాత వేగం మారింది. 2018 మార్చి నుంచి ఆరునెలలకొక రూపాంతరం. ‘ఈనమ్’ గాయం మరిచిపోలేదు కనుక, జావా 10లో ‘వార్’ అనే మాటను తెచ్చినప్పుడు దానిని పూర్తి కీవర్డు చేయలేదు. ఆ పేరుతో ఎవరైనా చరరాశిని పెట్టుకుని ఉంటే అదీ చెల్లుతుంది, ఇదీ చెల్లుతుంది. కొత్త అంశాన్ని ముందు ‘ప్రివ్యూ’గా విడుదల చేసి, జనం వాడి చూశాక స్థిరపరిచే సంప్రదాయం వచ్చింది. రికార్డులు అలాగే 2020లో ప్రివ్యూగా వచ్చి 2021లో స్థిరపడ్డాయి. స్ట్రింగ్ టెంప్లేట్ల కథ వేరు. జావా 21లోనూ 22లోనూ ప్రివ్యూగా వచ్చి, రూపకర్తలకే తృప్తి కలగక, 2024లో జావా 23 నుంచి వెనక్కి వెళ్ళిపోయాయి. ఒకసారి ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోలేని భాషకు ఇది కొత్త స్వేచ్ఛ. ఇంత జరుగుతున్నా చాలా సంస్థలు జావా 8 దగ్గరే ఏళ్ళతరబడి కూర్చుండిపోయాయి. జావా 9 తెచ్చిన మాడ్యూళ్ళు పాత లైబ్రరీలను ఇబ్బంది పెట్టడం అందుకు ఒక కారణం. చెరిపివేత మిగిల్చిన బాకీని తీర్చడానికి 2014లోనే మొదలైన వల్హాలా ప్రయత్నం పదేళ్ళు దాటింది.

కంపైల్ అయిన ప్రతి జావా ఫైలూ నాలుగు బైట్ల ముద్రతో మొదలవుతుంది. పదహారు మూలపు సంఖ్యగా రాస్తే అవి సీ, ఏ, ఎఫ్, ఈ, బీ, ఏ, బీ, ఈ అనే అక్షరాలుగా కనిపిస్తాయి. తొలినాళ్ళ ఇంజనీర్ల కాఫీహోటలు పరిహాసం. ఆ వెనకే రూపాంతరపు సంఖ్య ఉంటుంది. జావా 1.1 కాలపు ఫైలులో 45, లాంబ్డా వచ్చిన జావా 8లో 52, 2023లో వచ్చిన జావా 21లో 65. ఇన్నేళ్ళలో తొలగించిన భాగాల మీద ఆధారపడనిదైతే, ఆనాటి ఫైలును జావా 21 చేతికిస్తే ముద్ర చూస్తుంది, 45 అన్న అంకె చదువుతుంది, నడపడం మొదలుపెడుతుంది.